బంగారమ్మ పొటాషియం

ఏం తినకూడదో చెప్పడం నా ఉద్యోగం. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి కిడ్నీ విభాగంలో డైటీషియన్‌గా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాను. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ "డైటు మేడమ్"ని. నేను వార్డులోకి వస్తున్నానంటే మంచం మీద మనిషి పళ్ళ సంచీని దిండు వెనక్కి తోసేవాడు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కొబ్బరిబోండాం కొంగు చాటున పెట్టుకునేవాళ్ళు. పోలీసు ఉద్యోగానికీ మన ఉద్యోగానికీ తేడా యూనిఫారం ఒక్కటేనని అప్పుడప్పుడు అనుకునేదాన్ని.

ఈమధ్య నా స్థానంలో చేరిన అమ్మాయి ఇంటికొచ్చింది. టీ తాగుతూ అడిగింది: "మేడమ్, చెప్పినవన్నీ పాటిస్తున్నా పొటాషియం పెరుగుతూనే ఉంటే వాళ్ళకి ఏం చెప్పాలి?"

జవాబు చెబుదామనుకునేలోపు బంగారమ్మ గుర్తొచ్చింది. ఆ రోజు ఆ అమ్మాయికి ఏదో పైపైన చెప్పి పంపించాను. తర్వాత మనసొప్పక ఇది రాస్తున్నాను. రాస్తే తేలిపోతుందన్న నమ్మకం మాత్రం లేదు.

నొప్పి లేని ప్రమాదం

కిడ్నీలు పాడైతే ఒంట్లోంచి బయటికి పోవలసినవి పోవు. అందులో నన్ను జీవితమంతా తిప్పలు పెట్టినవి రెండు. ఒకటి పొటాషియం. రెండోది ఆమ్లం. పొటాషియం పళ్ళలో, కూరల్లో, పప్పుల్లో, మాంసంలో, ఒకటేమిటి, మంచి తిండి అన్నదాంట్లో అంతా ఉంటుంది. ఆమ్లం మన ఒంట్లోనే రోజూ పుడుతుంది. రెండూ రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి ఆగిపోతుంది.

చిక్కేమిటంటే రెండూ నొప్పి పుట్టించవు. స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం, మా పుట్టింటివైపు మాట. ఒకసారి ఐదు దగ్గర ఉండవలసిన ఆయన పొటాషియం ఆరు దాటింది. మేమంతా స్ట్రెచర్ తీసుకుని పరుగెత్తితే, ఆయన ఓ.పి.లో నిలబడి పక్కాయనకి గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ ఎప్పుడు నంజుకోవాలో వివరిస్తున్నారు. "నాకేమైందమ్మా, ఇంత హడావుడి?" అని నన్నే అడిగారు.

దానికి సరిగ్గా ఎదురు ఇంకొకటి. మల్కాపురం నుంచి వచ్చిన ఒకావిడకి ల్యాబు రిపోర్టులో భయంకరమైన అంకె వచ్చింది. కొడుకులు ఏడుపు మొదలుపెట్టారు. మళ్ళీ రక్తం తీస్తే మామూలుగా ఉంది. మొదటిసారి చేతికి పట్టీ మరీ బిగించి, సిరంజితో గట్టిగా లాగారట. రక్తకణాలు పగిలి, వాటి లోపలి పొటాషియం బయటికొచ్చి, ఆ అంకె చూపించింది. అంటే ఉన్నా తెలియదు, లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇలాంటిదాన్ని నమ్ముకుని మనం మనుషుల కంచాల్లో చెయ్యి పెడతాం.

మా పెద్ద డాక్టరు

మా విభాగానికి పెద్ద డాక్టరు చాలా తెలివైన మనిషి. మాట కటువు. రోగి చెప్పేది సగం విని, మిగతా సగం తనే పూర్తిచేసేవారు. చాలాసార్లు అది నిజమే అయ్యేది కూడా. పొటాషియం పెరిగిందంటే ఆయన తీర్పు ఒక్కటే: "ఇంట్లో ఏదో దొంగతిండి నడుస్తోంది. మేడమ్, మీరు చూడండి."

నేను చూసేదాన్ని. వంటింటి వివరాలన్నీ అడిగేదాన్ని. పదిమందిలో ఎక్కువమంది దగ్గర ఏదో ఒకటి దొరికేది. అరటిపండు, పాలకూర పప్పు, ఎవరో మంచిదని చెప్పిన కషాయం. దొరికేది కాబట్టి ఆయన తీర్పు మీద నాకూ గురి కుదిరింది. బంగారమ్మ వచ్చేదాకా.

ఎల్లాజీ వంట

బంగారమ్మ ఫిషింగ్ హార్బర్లో చేపలమ్మే మనిషి. తెల్లారకముందే వేలం దగ్గర నిలబడి పాట పాడి, గంప నింపుకుని, ఊళ్ళో తిరిగి అమ్ముకొచ్చేది. గొంతు ఎంత పెద్దదంటే ఓ.పి. గదిలో ఆమె గుసగుసగా మాట్లాడినా బయట వరుసలో ఉన్నవాళ్ళు తలతిప్పి చూసేవాళ్ళు. షుగరు వల్ల కిడ్నీలు చెడ్డాయి. అప్పటికి డయాలసిస్ దాకా రాలేదు. మందులతో, పథ్యంతో నెట్టుకొద్దామన్నారు డాక్టరుగారు.

ఆమె భర్త ఎల్లాజీ మరబోటు డ్రైవరు. సముద్రంలో రోజుల తరబడి ఉండే పని. పెళ్ళాం జబ్బు సంగతి తెలియగానే వేటకెళ్ళడం మానేసి, ఒడ్డున వలలు బాగుచేసే పనికి కుదిరాడు. వంట కూడా తనే చేస్తానన్నాడు.

"మీకు వంట వచ్చా?" అన్నాను.

"ఏటి మేడమ్ అలాగ్గంటారు? బోటు మీద ఎవులు వండుతారు? నానే. నాను పులుసెడితే పక్క బోటోళ్ళు కూడా వాసనకి లెగిసి వచ్చేవోరు."

నేను చెప్పినవన్నీ అతను చెవులు రిక్కించి విన్నాడు. కూరముక్కలు చిన్నగా తరగాలి, నీళ్ళలో నానబెట్టాలి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబొయ్యాలి, అప్పుడు పొటాషియం కొంత పోతుంది. చింతపండు, టమాటా, కొబ్బరి తగ్గించాలి. పప్పు కొంచెం. చేప చిన్నముక్క. అలా చెవిపెట్టి విన్న మొగుడు నాకు మా ఆసుపత్రిలో ఇంకొకడు కనపడలేదు.

మొదటి పరీక్షలో పొటాషియం కొంచెం ఎక్కువ ఉంది. రెండోసారి ఇంకొంచెం పెరిగింది. డాక్టరుగారు నావైపు చూశారు. నేను ఎల్లాజీవైపు చూశాను.

"అమ్మతోడు మేడమ్. నాను సేతులారా వండి పెడతన్నాను. బయటిది ఒక్క మెతుకు ముట్టనియ్యటంలేదు."

ఇంకాస్త జాగ్రత్తగా ఉండమన్నారు డాక్టరుగారు. అతను ఇంకాస్త కాదు, చాలా జాగ్రత్తపడ్డాడు. ఒకసారి ఉడికించేది మూడు నీళ్ళు మార్చి ఉడికించాడు. ఉన్న కాస్త పప్పూ మానిపించాడు. చేప మానిపించాడు. తాళింపు కూడా ఎందుకొచ్చిందని మానేశాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బంగారమ్మని ఆటోలో తీసుకొచ్చాడు. ఊపిరి బరువుగా, లోతుగా తీస్తోంది. కాళ్ళలో సత్తువ లేదు. ఇ.సి.జి. చూసి డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. గుండెకి కాపుగా కాల్షియం ఇంజెక్షను, తర్వాత పొటాషియం దించడానికి ఇన్సులిను, గ్లూకోజు. పొటాషియం బాగా పెరిగి ఉంది. రక్తంలో ఆమ్లం కూడా ఎక్కువైంది. ఆ బరువు ఊపిరి ఆమ్లం వల్లే.

బతికి బయటపడింది. ఇంటికి పంపేముందు బరువు చూస్తే తగ్గింది. "మంచిదే, ఒంట్లో నీరు లాగింది," అన్నారు డాక్టరుగారు. మేమందరం తలలూపాం.

నాకు మాత్రం లెక్క కుదరలేదు. అతను పథ్యం ఎంత బిగిస్తే పొటాషియం అంత పెరుగుతోంది. అతను అబద్ధమాడుతున్నాడా అంటే, ఆ కళ్ళు చూస్తే అలా అనిపించదు. ఆమె దొంగచాటుగా తింటోందా అంటే, ఆ ముఖం తింటున్న మనిషి ముఖంలా లేదు. చేతి గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. మా వారు రెండుసార్లు ఏదో అడిగినా నాకు వినపడలేదట.

మెట్ల మీద

తర్వాత పరీక్షలోనూ ఎక్కువే వచ్చింది. ఆ రోజు ఓ.పి. కిటకిటలాడుతోంది. డాక్టరుగారికి ఓపిక తీరిపోయింది. రిపోర్టు బల్లమీద పడేసి ఎల్లాజీతో అందరి ముందూ అన్నారు:

"నీ భార్యని నువ్వే చంపుకుంటున్నావ్, తెలుస్తోందా? ఏం పెడుతున్నావో నిజం చెప్పు."

  తుఫానులో బోటు ఒడ్డుకి చేర్చిన ఎల్లాజీ, తలుపు తోసుకుని బయటికెళ్ళి మెట్ల మీద కూలబడ్డాడు. తలుపు అద్దంలోంచి కనపడుతోంది, భుజాలు కదిలిపోతున్నాయి.

బంగారమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి లాగింది. ఆ పెద్ద గొంతు ఆ రోజు లేదు.

"మేడమ్, మావనేటీ అనకండి. ఆడి తప్పేటీ లేదు. నాను తింటంలేదు."

"ఏం తినడంలేదు?"

"ఆడు ఎట్టినదేదీ తింటంలేదు. మొదట రెండు ముద్దలు మింగుతాను. ఆడు నీల్లకి లెగిసినప్పుడు మిగిలింది కొంగులో ఏసుకుంతాను. ఆడు వలల కాడికి ఎల్లాక పిల్లులకి ఏత్తాను. పిల్లులు కూడా మూతెట్టి ఎల్పోతన్నాయి మేడమ్."

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "బాగోలేదని చెప్పొచ్చు కదా బంగారమ్మా?"

"ఎలా సెప్తాను? నాకోసం ఏట మానేసినాడు. ఆనపకాయ ముక్కలు ఎంత సిన్నగా కోత్తాడో! ఎదురుగా కూకుని నా మొకమే సూత్తాడు. ‘బాగుందేటి బంగారీ’ అంటాడు. బాగుంది మావా అంతాను. ఇంకేటనమంటారు?" అని, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఆడికి సెప్పకండి. డాక్టరు బాబుకి సెప్పండి, ఆడినేటీ అనొద్దని. అంతే."

"మరి రోజంతా ఏం తింటున్నావ్?"

"టీ తాగుతాను. ఆకలేత్తే ఆ రెండు ముద్దలే. మొదట్లో ఏసేది. ఇప్పుడు ఆకలి కూడా ఎయ్యటంలేదు."

నా అయోమయం రెట్టింపైంది. పొటాషియం తిండిలోంచి వస్తుందని నేను చదువుకున్నాను, అదే అందరికీ చెప్పాను. తినని మనిషికి అది ఎక్కణ్ణుంచి వస్తోంది?

డాక్టరుగారి దగ్గరికెళ్ళి చెప్పాను. "అబద్ధం," అన్నారు ముందు. తర్వాత పెన్ను పక్కన పెట్టారు. బంగారమ్మని పిలిచి, చొక్కాకి గుడ్డ పట్టి చూసినట్టు ఆమె భుజం దగ్గర, తొడ దగ్గర కండ పట్టి చూశారు. కండ లేదు. చర్మం జారింది. మేము నీరు లాగిందనుకున్నది నీరు కాదు.

ఆమెని బయట కూర్చోబెట్టాక ఆయన నెమ్మదిగా చెప్పారు. "తిండి లేకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. కండలో ఉన్న పొటాషియం రక్తంలోకి దిగుతుంది. ఆమ్లమూ పెరుగుతుంది. ఆమ్లం పెరిగితే కణాల్లో మిగిలినది కూడా బయటికొస్తుంది. పైగా పీచు లేక విరేచనం కావట్లేదేమో, అటుగా పోవలసిందీ పోలేదు." మళ్ళీ పెన్ను అందుకుని, "ఇదే కారణమని గట్టిగా చెప్పలేను. అయ్యుండొచ్చు," అన్నారు.

ఆయన నోట "చెప్పలేను" అన్నమాట నేను అంతకుముందు విన్న గుర్తు లేదు.

ఏది పనిచేసింది?

ఆ రోజే మూడు పనులు చేశాం. ఆమ్లం తగ్గడానికి ఇచ్చే సోడా మాత్రలు డాక్టరుగారు పెంచారు. విరేచనం సాఫీగా అవడానికి మందు రాశారు. నేను పథ్యం మార్చాను. అన్నం కడుపునిండా పెట్టమన్నాను. నూనె వెయ్యమన్నాను, తాళింపు పెట్టమన్నాను. కూర ఒక్కసారి ఉడికించి వారిస్తే చాలు. రోజూ చిన్న చేపముక్క, గుడ్డులో తెల్లసొన. పులుపుకి నాలుగు చుక్కలు నిమ్మరసం. మిరపకాయ, ఉల్లిపాయ, వెల్లుల్లి కొద్దిగా వెయ్యండి, రుచిగా వండండి అన్నాను.

ఎల్లాజీ నన్ను అనుమానంగా చూశాడు. "అన్నీ మానిపిత్తేనే ఇంత పెరిగింది. ఇప్పుడు పెట్టమంతన్నారేటి?"

"పెట్టి చూడండి."

అతను బంగారమ్మవైపు చూశాడు. ఆమె నేలవైపు చూస్తోంది. అతనికి కొంత కొంతగా అర్థమైనట్టుంది. నన్ను వరండా చివరికి తీసుకెళ్ళి అడిగాడు.

"నిజం సెప్పండి మేడమ్. అది నా కూడు తింటంలేదు కదేటి?"

చెప్పొద్దని ఆమె మాట తీసుకుంది. చెప్పకపోతే అతను తనే విషం పెట్టాననుకుంటూ బతుకుతాడు. ఏది సరైనదో నాకు తెలియలేదు. ఊరుకున్నాను. నా ముఖం ఊరుకోలేదు కాబోలు.

అతనికి కోపం వస్తుందనుకున్నాను. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని నవ్వాడు. "ఇన్నేళ్ళు బోటు మీద వండినాను. బాగోలేదని ఒక్కడన్నాడా అంటే, అన్లేదు. ఇప్పుడు తెలిసింది మేడమ్. నడిసముద్రంలో ఆల్లకి ఇంకో హోటలు లేదు."

తర్వాతి పరీక్షలో పొటాషియం దిగింది. ఆ తర్వాత ఇంకా దిగింది. బంగారమ్మ భుజాలు మళ్ళీ నిండాయి, గొంతు మళ్ళీ వరండాలోకి వినపడింది. డాక్టరుగారు ఎల్లాజీకి క్షమాపణ చెప్పలేదు. చెప్పే మనిషి కాదు. కానీ అతను గదిలోకి రాగానే తను లేచి నిలబడి, కుర్చీ చూపించి "కూర్చో ఎల్లాజీ" అన్నారు. అంతకుముందు రోగి వెంట వచ్చినవాళ్ళకి ఆ గదిలో కుర్చీ ఉండేది కాదు.

ఏది పనిచేసింది? తిండా, సోడా మాత్రలా, విరేచనం మందా? మూడూ ఒకేసారి చేశాం, విడదీసి చెప్పడానికి దారి లేదు. ఎల్లాజీ వంటే పనిచేసిందని చెప్పుకోవడం నాకు ఇష్టం. ఇష్టం వేరు, నిజం వేరు.

ఎందుకంటే కొన్ని నెలలు బాగున్నాక అది మళ్ళీ పెరిగింది. ఈసారి ఆమె తింటోంది, కండ ఉంది, మాత్రలు వేసుకుంటోంది. ఏ తప్పూ దొరకలేదు. కిడ్నీలు పూర్తిగా ఆగిపోతున్నాయన్నారు డాక్టరుగారు. డయాలసిస్ మొదలుపెట్టారు. అలా కొన్నేళ్ళు వారానికి రెండు మూడుసార్లు వచ్చి వెళ్ళింది. మిషను పక్కన పడుకుని నర్సులతో చేపల ధరలు మాట్లాడేది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు నన్ను సూత్రం చెప్పమంటారు. నా దగ్గరున్నది ఇంతే. వద్దన్నవాటి జాబితా చేతిలో పెట్టేముందు, నిన్న ఏం తిన్నారో అడగండి. వండినవాళ్ళని కాదు, తిన్నవాళ్ళని అడగండి. వండినవాళ్ళు గదిలో లేనప్పుడు అడగండి. అడిగినా కొన్నిసార్లు తేలదు.

క్యాంటీన్లో

బంగారమ్మ ఒక ఉదయం ఇంట్లోనే పోయింది. ఆ రోజు డయాలసిస్‌కి రావలసి ఉంది. చీర మార్చుకుని, జడ వేసుకుని, మంచం మీద కూర్చుని ఒరిగిపోయిందట.

దినాలయ్యాక ఎల్లాజీ ఆసుపత్రికి వచ్చాడు. గడ్డం మాసిపోయి, సగం మనిషయ్యాడు. నా గదిలో నిలబడే అడిగాడు.

"మేడమ్, ముందురోజు కవళ్ళ సేపల పులుసడిగింది. సింతపండేసి, పాత పద్ధతిలో. ‘ఒక్కపాలి పెట్టు మావా’ అంది. పెట్టినాను. కడుపారా తిన్నాది. మళ్ళీ ఏయించుకున్నాది. దానివల్లేనా?"

నాకు తెలిసిన చదువంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది. చింతపండు పులుసు. రెండు డయాలసిస్‌ల మధ్య ఎక్కువ రోజుల ఎడం. ఏళ్ళ తరబడి షుగరు తినేసిన గుండె. ఏదైనా కావచ్చు. ఆ ఉదయం ఎవరూ రక్తం తియ్యలేదు. కాదు అని చెబితే అతను ఇంటికి నెమ్మదిగా వెళతాడు. కానీ కాదని నాకు తెలియదు.

"తెలియదు ఎల్లాజీ," అన్నాను.

"మీకు తెలీదా?"

"నాకు తెలియదు. నిజంగా తెలియదు."

"డాక్టరు బాబుకి?"

"ఆయన్నీ అడిగాను. ఆయనకీ తెలియదు."

 అతను కుర్చీలో కూర్చున్నాడు. "ఇంత సదూకున్నోల్లు మీకే తెలీనప్పుడు, మరి నానొక్కణ్ణే తెలుసుకోవాలా ఏటి?" అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు. ఆ తర్వాత, "ఎంత బాగా తిన్నాదో మేడమ్. ఏలు కూడా నాకీసింది," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు.

ఏడుపు ఆగాక, భోజనం చేశారా అని అడిగాను. ఆమె పోయినప్పట్నుంచి సరిగ్గా తినడంలేదని, పొయ్యి దగ్గరికెళ్ళాలంటే భయమేస్తోందని చెప్పాడు. క్యాంటీన్‌కి తీసుకెళ్ళాను. కంచంలో అన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు, రసం పెట్టారు. మొదట మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు. ఒక ముద్ద పెట్టుకున్నాడు. ఇంకోటి పెట్టుకున్నాడు. తర్వాత తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను.

"పప్పు ఎలా ఉంది?" అన్నాను.

"ఉప్పు సాల్లేదు మేడమ్."

ఉప్పు గిన్నె అతని వైపు జరిపాను.